పిడికెడు ముంత

మా అత్తను గురించి నేను మంచిగా చెప్తే మా ఊర్లో ఎవురూ నమ్మరు. నమ్మకపోతే పోనీలే. అత్తా కోడలూ ఏండ్ల తరబడి ఒకే పొయ్యి కాడ మెలిగితే నిప్పు పొయ్యిలోనే ఉంటాదా, అప్పుడప్పుడూ నోట్లోకీ వస్తాది. మాది కురబలకోట పక్క పల్లె. నా పుట్టిల్లు పుంగనూరు. నేను పొట్టిగా ఉంటానని మా ఇంటాయన రెడ్డెప్ప నన్ను పుంగనూరు ఆవు అంటాడు. పొట్టిదయినా కొమ్ములుండాయి సూసుకో అంటా నేను. మా అత్త నాగమ్మ మాత్రం ఆ మాటకు నవ్వను కూడా నవ్వదు. "ఆవయితే పాలన్నా ఇస్తాది" అంటాది. అట్లాంటి మనిషి.

అట్లాంటి మనిషి కరువు కాలంలో కంచం ముందర కూసోని, ముద్ద ముట్టకుండా లేచిపోతా వచ్చింది. రోజురోజుకీ ఎండిపోతా వచ్చింది. ఆమెను బతికించుకోవల్లని నేను బస్సెక్కి మదనపల్లికి పోయి, పెద్దమనుషుల మింద కేకలేసొచ్చినా. ఆ పెద్దమనుషులకు ఈ పొద్దుకీ దణ్ణం పెట్టుకుంటా. తిట్టిన నోటితోనే దణ్ణమేంది అంటారా, చెప్తా ఇనండి.

తొంభై ఆరులో మా మామ గోవిందప్పకు కడుపు ఉబ్బి, ఊపిరాడక, మదనపల్లి పెద్దాసుపత్రిలో చేర్చినాం. చెనిక్కాయలు పీకే కాలం. మా ఇంటాయన చేను ఇడ్సిపెట్టి రాలేడు. మామ కాడ నేనూ మా అత్తే ఉండినాం. ఇంటి నుంచి ఎవురన్నా బస్సులో సద్ది పంపితే అది మాకు చేరేపాటికి పులిసిపొయ్యేది. హోటల్లో తినేకి మనసొప్పేది కాదు, మందులకు కావల్ల కదా.

మధ్యాన్నమయితే ఆసుపత్రి గోడ పక్కకు ఒక ఆటో వచ్చేది. పెద్ద పెద్ద గుండాల్లో రాగిసంగటి, అనపగింజల పులుసు. తోడు క్లబ్బు అనే పేరుతో, ఊర్లో అంగళ్లోళ్లూ, టమాటా మండీలోళ్లూ, వాళ్ల ఆడోళ్లూ కలిసి పెట్టుకున్నారు. రోగుల కాడ ఉండే వాళ్లకు ఒక పూట కడుపుకు పెట్టేది వాళ్ల పని. పల్లెల నుంచి వచ్చినోళ్లంతా వరసలో నిలబడేవాళ్లు. మా అత్త నిలబడలేదు. గోడకు ఆనుకోని, కొంగు ముడేసుకోని, ఆ పక్కకే తిరిగి సూసేది కాదు.

"పో అత్తా, పోయి తిను" అన్నా.

"మాది పది మందికి పెట్టిన చెయ్యి. ఒకరి ముందర చాపిన చెయ్యి కాదు" అనింది.

అబద్ధం కాదు. కళ్ళం చేసే రోజుల్లో మా ఇంటి ముందర ఎంగిలాకులు కుప్ప పడేవి. కూలోళ్లకు సంగటి గెలికి గెలికి మా అత్త అరచేతులు కాయలు కాసినాయి. ఆ చెయ్యి పట్టుకోని వరసలో నిలబడమంటే ఆమెకు సావొచ్చినట్టే. నాకట్లాంటిదేం లేదు. ఆకలికి అభిమానమేంది. నీళ్లు తెస్తానని చెంబెత్తుకోని పోయి, గబగబా తినేసి, మూతి తుడుచుకోనొచ్చేదాన్ని. మూతి తుడుచుకుంటే పులుసు వాసన పోతాదా. ఆమె మొగం అట్ల తిప్పుకునేది. తిట్టింటే బాగుండేది.

క్లబ్బు ఆడోళ్లలో అమరావతమ్మ అని ఉండాది. వాళ్లాయనకు టమాటా మండీ. మండీ గొంతే ఆమెకూ వచ్చినట్టుండాది, ఒక్క పిలుపు పిలిస్తే వార్డులో రోగి కూడా లేచి కూసుంటాడు. ఆమె మా అత్తను కనిపెట్టేసింది. ఒక పొద్దు వడ్డించేదంతా అయినాక, పళ్లెం మాదిరి తట్టలో ముద్దా పులుసూ పెట్టుకోని వచ్చి, మంచి చీర కట్టుకోనుండినా సూసుకోకుండా, మా అత్త పక్కన మట్టిలోనే కూసునింది.

"అమ్మా, నేను నీకు పెట్టడంలేదు. నాకాడ యాడుండాది ఇంతమందికి పెట్టేకి. పల్లెల్లో కొన్ని ఇండ్లల్లో పొయ్యి కాడ ఒక ముంత ఉంటాది. వంటకు గింజలు తీసేటప్పుడు ముందర ఒక పిడికెడు దాంట్లో ఏస్తారు, రాగులో బియ్యమో. నెలకొకసారి మా మనిషి పోయి ఎత్తుకొస్తాడు. ఈ సంగటి అదే. నువ్వు ఈ పొద్దు తిను. ఇంటికి పోయినాక నువ్వూ ఒక ముంత పెట్టు. అప్పుడు నువ్వు తినింది నీదే."

మా అత్త అప్పుడు తట్ట పక్కకు తిరిగింది. "మర్చిపోతే?" అనింది.

"మర్చిపోతే పోనీ."

"నేను మర్చిపోను" అని తట్ట ఒళ్లోకి తీసుకునింది. ముద్ద మింగతా ఏడ్చింది. నేను సూడనట్టు పక్కకు తిరుక్కున్నా.

మామ దక్కలేదు. ఆయప్పను ఊరికి తెచ్చి, దినాలు చేసి, సుట్టాలంతా ఎవరిండ్లకు వాళ్లు పోయినాక, మా అత్త నడవలో గోడకు ఆనుకోని కూసునింది. ఆసుపత్రి గోడను ఇంటికి తెచ్చుకున్నట్టుండాది. పలకరిస్తే పలకదు. పెడితే తింటాది, పెట్టకపోతే అడగదు. నాతో కొట్లాట కూడా ఇడ్సిపెట్టింది. అప్పుడు నాకు బయమేసింది నిజంగా.

అట్లుండంగా ఒక తెల్లారి వంటింట్లో సప్పుడయింది. పోయి సూస్తే మా అత్త. నా పుట్టింటి నుంచి తెచ్చుకున్న నిమ్మకాయ ఊరగాయ ముంత ఉండేది, దాంట్లో ఊరగాయంతా తీసి పళ్లెంలో కుమ్మరించేసి, ముంతను చింతపండు పెట్టి తోముతాండాది.

"అత్తా, అది నా ముంత" అన్నా.

"పొయ్యి నాదే" అనింది.

ముంతకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, పొయ్యి పక్క పెట్టి, ఒక పిడికెడు రాగులు ఏసింది. పిండి ఏస్తే పురుగు పడతాది, గింజలే ఏయల్ల అని నాకు చెప్పింది. తర్వాత పోయి తలకు పోసుకోనొచ్చి కూసోని తినింది. నా ఊరగాయ పోతే పోయింది, మా అత్త తిరిగొచ్చింది. అమరావతమ్మకు ఆ పొద్దే మనసులో దణ్ణం పెట్టుకున్నా.

ఆ పొద్దు నుంచీ ముంతలో పడందే ఆమె నోట్లో పడేది కాదు. జరమొచ్చి పడుకోనున్నా నన్ను గింజలు తెమ్మని, చేత్తో పట్టి ఇచ్చేది, నేను ఏసొచ్చినాకనే గంజి తాగేది. అది చాలదని ఊరు మింద పడింది. ఇంటింటికీ పోయి, "మీ ఇంట్లో ఎలకలు తినేదాంట్లో సగం అడుగుతాండా. ఎలకలపాటి చెయ్యరా మనుషులు?" అని అడిగేది. సిగ్గుతో కొందరు పెట్టినారు, ఆమె నోటికి బయపడి కొందరు పెట్టినారు. నేను పుంగనూరు పోయినప్పుడు మా అమ్మోళ్ల వీధిలోనూ పెట్టించినా. అత్త పనిని నేను చేస్తాననుకోలేదు, చేసినా.

ముంతలు ఎత్తుకోపొయ్యేకి పాపన్న వచ్చేవాడు. బస్సు కండక్టరుగా రిటైరయినాయప్ప. మోపెడ్డు ఎనక సంచులు కట్టుకోని, ఊరి మొదట్లోనే కండక్టరు ఈల ఊదేవాడు. ఈల ఇనపడితే ఆడోళ్లంతా ముంతలు ఎత్తుకోని వీధిలోకి వచ్చేది. "ముందుకు జరగండమ్మా, ముందుకు జరగండి" అని బస్సులో మాదిరే అరిసేవాడు. గింజలు పోసినాక మా అత్త ఆయప్పను వదిలేది కాదు.

"పోయిన నెల ఎవురెవురు తినిరి పాపన్నా?"

ఆయప్ప ఓపిగ్గా చెప్పేవాడు. రామసముద్రం నుంచి కూతురి కాన్పుకొచ్చిన తల్లి. పాము కరిసిన పిల్లోడి నాయన. కాలు ఇరిగిన గొర్రెలాయప్ప పెండ్లాం. మా అత్త సొంత సుట్టాల సంగతి ఇన్నట్టు ఇనేది. పిల్లోడు బతికినాడా, కాన్పు బాగయిందా అని అడిగేది. ఆకరికి ఒకటే ప్రశ్న, "కడుపు నిండా తినిరా?" తినినారు అంటే, పోయి రా అనేది. ఆ నెలంతా ఆ సంగతులే నాకు తిప్పి తిప్పి చెప్పేది. నాకు విసుగొచ్చేది గానీ, మొగుడు పోయిన మనిషికి తెల్లార్తో లేసేకి ఒక పని దొరికింది కదా అని ఊరుకునేదాన్ని.

మల్ల వచ్చింది కరువు. రెండువేల రెండు, మూడు. మా పక్క ఆ రెండేండ్లను ఎవురూ మరువరు. చెనిక్కాయ ఊడలు దిగకుండానే మాడిపోయింది. బోరు ఏస్తే దుమ్ము లేసింది. ఎద్దులు అమ్ముకున్నాం. మా ఇంటాయన బెంగుళూరుకు పోయి కట్టుబడి పనిలో ఇటికలు మోసినాడు. ఎకరాల మింద నిలబడిన మనిషి ఒకరి కింద ఇటికలు మోసినాడు. నేను ఉండేదాంట్లో పిల్లోళ్లకు పెట్టి, మిగిలితే మేము తినేది.

అంత కరువులోనూ ముంతలో పిడికెడు పడతానే ఉండాది.

"అత్తా, ఇంట్లోనే లేదు, ఇంకా ఊరికి పెడతావా?" అని ఒకసారి గట్టిగానే అడిగినా.

"నా ముద్దలోంచి ఏస్తాండా. నీ ముద్దలోంచి కాదు" అనింది. నిజమే, ఆమె ముద్ద నిమ్మకాయంత అయిపోయింది. నాకు కోపమూ వచ్చింది, కండ్లల్లో నీళ్లూ వచ్చినాయి. ఏది ముందొచ్చిందో చెప్పలేను.

ఆ టైములో మదనపల్లిలో క్లబ్బోళ్లు మీటింగు పెట్టుకున్నారు. పెసిడెంటు రాజగోపాల్ గారని, గుడ్డలంగడి ఆయన. మంచోడు. మంచోడు కాబట్టే వచ్చింది తంటా. కరువు పల్లెల్లో ఎండిన కడుపుల కాడ ఇంకా పిడికిళ్లు అడిగేది పాపం కదా, అడిగేది మానేద్దాం, మనమే వాళ్లకు తలా ఒక మూట బియ్యం ఇద్దాం అని తీర్మానం చేసినారు. ఎవురు ఇన్నా సరే అంటారు. నేనుండినా సరే అనేదాన్నే.

ఒక పొద్దు వ్యానొచ్చింది. ఫోటోలు తీసేటాయప్పా వచ్చినాడు. పాపన్న వచ్చినాడు గానీ ఈల ఊదలేదు. రాజగోపాల్ గారు మైకు పట్టుకోని, "అమ్మా, ఇన్నేండ్లూ మీరిచ్చినారు, చాలు. ఈ కరువు పొయ్యేదాకా ముంతలు బోర్లించి పెట్టుకోండి. ఇప్పుడు ఇచ్చేది మా వంతు" అన్నాడు. అందరూ పేర్లు పిలిస్తే పోయి మూటలు తెచ్చుకున్నారు. మా అత్త పేరూ పిలిసినారు. ఆమె గడప కాడ నిలబడింది, కదల్లేదు. నేను పోయినా. పిల్లోళ్ల కడుపులు నాకు గుర్తుండాయి. మూట తీసుకుంటాంటే ఫోటో తీసినారు. మూతి ముడుచుకోనుంటా దాంట్లో.

మూటతో ఇంట్లోకి వస్తే, మా అత్త ముంతలో ఉండే గింజలన్నీ నా డబ్బాలోకి పోసేస్తాండాది. పోసి, ముంతను కడిగి, పొయ్యి పక్కనే బోర్లించింది. రాజగోపాల్ గారు టౌను మనిషి, ఆయనకు తెలీదు. మా పక్క పొయ్యి కాడ ముంత బోర్లించేది పీనుగ లేసిన ఇంట్లోనే.

ఆ రాత్రి కంచం ముందర కూసునింది, లేసింది. తెల్లారి కూసునింది, లేసింది. ఒకటి రెండు మెతుకులు, అంతే. మూట బియ్యం అయితే చేత్తో కూడా ముట్టలేదు.

"ఏమత్తా, సన్నబియ్యం కదా, తిను" అన్నా.

"నేను ఏసి తినేదాన్ని. ఏసేది వద్దన్నారు. ఇంక తినేది దేనికి?" అనింది. కోపంతో అనలేదు. కోపంతో అనింటే నాకు దిగులుండేది కాదు.

పక్కూరి డాకటరును పిలిపిస్తే చెయ్యి పట్టి సూసి, బలానికి టానిక్కు రాసిచ్చినాడు. బాధకు టానిక్కు యాడుంటాది. నేనే ముంత తిప్పి పెట్టి, "ఏయి అత్తా, వద్దనేది ఎవురు, మనింట్లో మన ముంత" అన్నా. ఆమె నాపక్క జాలిగా సూసింది. "ఎత్తుకోపొయ్యే వాళ్లు లేకుండా ఏసేది ముంత కాదే, ఎలకల మేత" అని మల్లా బోర్లించింది. మంచం ఎక్కింది. చేతి గాజులు మోచేతి దాకా జారిపోతాండాయి. కళ్ళం రోజుల్లో గుండా నిండా సంగటి ఒక్కతే గెలికిన చెయ్యి అది. నేను అప్పుడే అనుకున్నా, ఈమె ఇట్లే పోతాది, టానిక్కు సీసా తలకాడ పెట్టుకోని పోతాది అని.

పిల్లోళ్లను పక్కింట్లో ఇడ్సి బస్సెక్కినా.

గుడ్డలంగట్లో పెండ్లి చీరలు సూసేవాళ్లు కూసోనుండారు. రాజగోపాల్ గారు నన్ను సూసి, "రా అమ్మా, ఏం కావల్ల?" అన్నాడు.

"మా అత్త కావల్ల" అన్నా.

ఆయప్పకు అర్థం కాలేదు. నేను చెప్పినా. గొంతు తగ్గించల్లని బస్సులో అంతా అనుకుంటానే వచ్చినా గానీ, నోరు తెరిస్తే అది నా మాట ఇన్లేదు. "మేలు చేసినాం అనుకుంటాండారు సామీ. మా అత్తను ముష్టిదాన్ని చేసినారు. మీ సంగటి ఊరికే తినదని, నీదే నువ్వు తింటాండావని చెప్పి తినిపించినారు కదా మీరే. ఇన్నేండ్లూ ఆ మాట మిందనే బతికింది ఆమె. ఇప్పుడు మైకు పెట్టి, ఊరందరి ముందర, నీ పిడికెడు మాకొద్దు అంటిరి. కరువు మా చేలకొచ్చింది సామీ, మా చేతులకు రాలేదు."

ఎవురో అమరావతమ్మకు కబురు చేసినట్టుండారు, ఆమె మండీ నుంచి అట్లే వచ్చింది. నేను మల్లా మొదటి నుంచీ చెప్పినా, ఈసారి ఏడ్చుకుంటా. ఆమె చీరల కట్టల మిందనే కూలబడింది. "ఆ మాట ఆమెకిచ్చింది నేనే. తీసేసేటప్పుడు ఆమెను అడగల్లని నాకే తోచలేదే" అనింది. మండీ గొంతు యాడ పోయిందో, ఇనపడీ ఇనపడకుండా అనింది.

రాజగోపాల్ గారు సాకులు చెప్తాడనుకున్నా. సాకులు చెప్పింటే ఇంకొక దఫా దులిపేకి తయారుగానే ఉండినా. ఆయప్ప నాకు నీళ్లు తెప్పించి, "తప్పయిందమ్మా. రేపు వస్తాం. ఎట్ల రావల్లో నువ్వే చెప్పు" అన్నాడు. అట్ల అడిగిన పెద్దమనిషిని నేను అంతవరకూ సూడలేదు. నా కోపం అంగట్లోనే ఇడ్సి వచ్చినా.

"వ్యాను వద్దు. ఫోటోలాయప్ప వద్దు. పాపన్నను ఈల ఊదమనండి" అన్నా.

తెల్లారి పొద్దెక్కినాక ఊరి మొదట్లో ఈల ఇనపడింది. మా అత్త మంచంలో గోడ పక్కకు తిరిగి పడుకోనుండాది. కదల్లేదు గానీ చెవి మింద కొంగు తీసింది. నేను సూసినా.

అమరావతమ్మ వచ్చి మంచం పక్కన కింద కూసునింది, ఆసుపత్రి కాడ కూసున్నట్టే. రాజగోపాల్ గారు గడప కాడ నిలబడినాడు. పాపన్న సంచి పట్టుకోని వాకిట్లో ఉండాడు.

"నాగమ్మక్కా, ముంత కోసం వచ్చినాం" అనింది అమరావతమ్మ.

"రాగులు లేవు ఇంట్లో" అనింది మా అత్త గోడకు.

అది నిజం. గింజల డబ్బా అడుగు కనపడతాండాది, ఉండేది ఒకటి రెండు పూటల పిండే. రాజగోపాల్ గారు, పర్వాలేదులే అమ్మా అనబోయినాడు, నోరు తెరిసినాడు కూడా. నేను ఉరిమి సూస్తే మూసినాడు.

అమరావతమ్మ అనింది, "అక్కా, నీకాడ దాచేదేముండాది. కరువొచ్చినాక ఆసుపత్రికి వచ్చేవాళ్లు ఎక్కువయినారు. మీ పల్లెల ముంతలు ఆగిపోయినాక మాకు చాలడంలేదు. నిన్న వరసలో ఎనకుండే వాళ్లకు ముద్ద అందలేదు, ఒట్టి చేతులతో పోయినారు."

మా అత్త గబుక్కున ఇటు తిరిగింది.

"అందలేదా? ఒట్టి కడుపుతో పంపిస్తిరా?"

"ఏం చేసేది అక్కా."

"ఏం చేసేదా? చాలకపోతే యాల వద్దంటిరి? మీటింగులు పెట్టేకి వస్తాది గానీ, ముద్దలు లెక్కేసుకునేకి రాదా మీకు?" లేసి కూసునింది. అన్ని దినాలు మంచం పట్టిన మనిషి, ఆ మండీ ఆమెను, ఆ అంగడి ఆయప్పను వరసపెట్టి కడిగేసింది. నాకు ఆ తిట్లు ఇంటాంటే తేనె తాగినట్టుండాది. కడాకు నాపక్క తిరిగి, "ఆ మూట యాడ పెట్టినావే?" అనింది.

పిల్లోళ్లకు వండినంత వండినా, సగం మూట ఉండాది. తెచ్చిస్తి. ఆమె గోడ పట్టుకోని వంటింట్లోకి పోయి, ముంతను ఎత్తి, కొంగుతో తుడిసి, నిలబెట్టింది. మూటలో చెయ్యి పెట్టి పిడికెడు బియ్యం తీసింది.

రాజగోపాల్ గారికి అప్పుడే నోరు జారల్ల. "అమ్మా, అది మేమిచ్చిన బియ్యమే కదా, మల్ల మాకే..." అన్నాడు.

"మీరిచ్చినది గడప అవతల. గడప దాటి లోపలికి వచ్చినాక ఇది నాగమ్మ బియ్యం. నా మనవళ్ల కూడు. దాంట్లోంచి నేను నీకిస్తాండా" అని, ముంతలో ఏయకుండా పిడికిలి ఆయప్ప పక్కకు చాపి, "పట్టుకో" అనింది.

టౌనులో పెద్దంగడి ఆయన, రెండు చేతులూ దోసిలి పట్టి ముందరికి వంగినాడు. మా అత్త ఆ దోసిట్లో బియ్యం పోసింది. ఆయప్ప ఆ పిడికెడు బియ్యాన్ని అట్లే పట్టుకోని నిలబడినాడు, ఏం చెయ్యల్లో తెలీక. పాపన్న వచ్చి సంచి పట్టినాడు, దాంట్లో పోసుకున్నారు. మల్ల ఆమె ముంతలో ఇంకో పిడికెడు ఏసుకోని, పొయ్యి పక్క పెట్టి, నన్ను సూసి, "యాల అట్ల నిలబడినావు? సంగటి గెలుకు. ఆకలయితాండాది" అనింది.

ఆ మాట ఇని నేను పిండి డబ్బా కోసం పోయి, డబ్బా మూత పట్టుకోని ఏడ్చినా. అప్పటికే వీధిలో ఆడోళ్లు ముంతలు ఎత్తుకోని నిలబడుండారు. పాపన్న బయటికి పోయి "ముందుకు జరగండమ్మా" అని అరిసేది నాకు లోపలికి ఇనపడింది.

వానలు గట్టిగా పడింది రెండువేల అయిదులోనే. మా ఇంటాయన ఊరికి వచ్చేసినాడు. ఆ తరువాతి ఏడు కుప్పంలో ఆసుపత్రి కాడ ఇట్లాంటి పొయ్యే ఇంకోటి పెట్టల్లని క్లబ్బోళ్లు అనుకున్నారు. పొయ్యి ఎలిగించేకి నాగమ్మక్కే రావల్లని అమరావతమ్మ పట్టు పట్టింది. జీపులో పోయినాం. పుంగనూరులో మా అమ్మోళ్ల వీధి ఆడోళ్లు ఒక రాగుల మూట జీపులోకి ఎక్కించినారు. పలమనేరు, వెంకటగిరికోట దాటి పోతాంటే మా అత్త దారి పొడుగునా ఆ మూట మింద చెయ్యేసుకోని కూసునింది, అది యాడ కిందికి దూకుతాదో అన్నట్టు.

కుప్పంలో ఆమెకు శాలువా కప్పినారు. "చలి లేదు కదప్పా, ఇదెందుకు" అనింది. మైకు ఇచ్చి రెండు మాటలు చెప్పమన్నారు. "సంగటి ఆరిపోతాది, అందరూ తినండి" అని మైకు తిరిగిచ్చేసింది. రాజగోపాల్ గారు అందరికంటే ముందు చేతులు తట్టినాడు.

వడ్డన మొదలుపెట్టినారు. నేను గంటె పట్టుకోనుండా. మా అత్త నా మోచెయ్యి పొడిసింది. ఆమె సూసే పక్కకు సూస్తే, వార్డు గోడకు ఆనుకోని ఒకామె కూసోనుండాది. చెవులకు కమ్మలు, నలిగినా మంచి చీర, ఒళ్లో సంచి. వరస పక్కకు సూడటంలేదు. సూడకుండా ఉండేకి ఆమె పడే కష్టం నాకు తెలుసు. మా అత్తకు ఇంకా బాగా తెలుసు.

మా అత్త నా చేత రెండు తట్టల్లో ముద్దలు పెట్టించుకునింది. పోయి, శాలువాతోనే, ఆ మట్టిలో ఆమె పక్కన కూసునింది. నేను పులుసు చెంబు ఎత్తుకోని ఎనకాలే పోయినా.

"ఏ ఊరమ్మా?"

"వెంకటగిరికోట పక్క" అనింది ఆమె. పేరు రుక్మిణమ్మంట. మొగుడు లోపల ఉండాడంట. "మాకొద్దమ్మా. మేము సేద్యగాళ్లం, ఎప్పుడూ ఇట్ల..." అని ఆపేసింది.

"నేనూ ఇట్లాంటి గోడకే ఆనుకోని కూసున్నా. నాదీ సేద్యం ఇల్లే" అనింది మా అత్త. ముందు తన తట్టలో ముద్ద చిదిమి, పులుసులో అద్ది, నోట్లో పెట్టుకునింది. మల్ల ముంత సంగతంతా చెప్పింది. ఈ రాగులు పుంగనూరులో ఎవురి ఇంటివో, మా పల్లెలో ఎవురి ఇంటివో చెప్పింది. "ఇంటికి పోయినాక నువ్వూ పెట్టుకో. అప్పుడు ఇది నీదే" అనింది.

రుక్మిణమ్మ తట్టను చానాసేపు సూసింది. "పిడికెడంటే ఎంతమ్మా? మాకు ఈ ఏడు పంట సరిగ్గా రాలేదు" అనింది.

మా అత్త తన చెయ్యి సూపించలేదు. రుక్మిణమ్మ చెయ్యి పట్టుకోని, వేళ్లు ఒక్కొక్కటే మూసి, ఆ పిడికిలిని ఆమె కండ్ల ముందరే పెట్టింది.

"ఇంత. నీ చెయ్యి ఎంతుంటే అంత" అనింది.

రుక్మిణమ్మ ఆ పిడికిలి తెరిసి, ముద్ద చిదుముకునింది. నేను ఆమె తట్టలో పులుసు పోసి, పక్కకు తిరుక్కున్నా.